మేస్త్రీ గారిని అడగండి: డీజిల్ మిగిల్చే సామాను నిజంగా గిట్టుబాటేనా?

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. నాది సొంత లారీ, నేనే నడుపుకుంటాను. మూసిన డబ్బా బాడీ, క్యాబిన్ కంటే మూరెడు ఎత్తుంటుంది. లోడుతో కలిపి 25 టన్నులు తూగుతుంది. నెలకి 9,000 కిలోమీటర్లు తిరుగుతాను, లీటరుకి నాలుగు ఇస్తోంది. సగం దూరం చదును హైవే, మిగతా సగం ఊళ్ళు, ఎత్తుపల్లాలు. తోటి డ్రైవర్లు తలో మాటా చెబుతున్నారు. డీజిల్ పైపుకి మాగ్నెట్ బిగిస్తే 8 శాతం మిగులుతుందట. చిప్ పెడితే 10, క్యాబిన్ నెత్తిన గాలిని మళ్ళించే డిఫ్లెక్టర్ పెడితే 7, ట్యాంకులో మందు పోస్తే 5, కొత్తరకం టైర్లు వేస్తే 5 అంటున్నారు. అన్నీ చేయించమంటారా? ఒక్కటే చేయించాలంటే ఏది?

జవాబు: తమ్ముడూ, నువ్వు రాసిన అంకెలన్నీ కూడితే 35 శాతం. ఇంకో ఐదారు సరుకులు బిగిస్తే బండి నడిచేకొద్దీ ట్యాంకు నిండుతుంది, దారిలో నలుగురికి పంచుకుంటూ రావచ్చు. శాతాలు అలా కూడవు. నూరు లీటర్లలో ఎనిమిది తగ్గితే మిగిలేది 92. తరువాతిది ఆ 92లోనే కోస్తుంది. నువ్వు చెప్పిన ఐదూ అక్షరాలా నిజమే అనుకున్నా, అన్నీ కలిసి 30 దగ్గర ఆగుతాయి. నిజం కానివి తీసేస్తే ఎంత మిగులుతుందో చూద్దాం.

ముందు నీ డీజిల్ ఎక్కడికి పోతోందో తెలియాలి. అది తెలియకుండా సామాను కొనడం అంటే రోగం అడక్కుండా మందు మింగడమే. నేను షెడ్డులో ముప్ఫై ఏళ్ళు ఉన్నాను. మైలేజీ లేదని వచ్చిన ప్రతి డ్రైవరూ ఇంజన్ వైపే వేలు చూపించాడు. ఇంజన్ తప్పు నూటికి పదిసార్లు ఉండేదేమో.

ఇంజన్‌లో కాలిన డీజిల్‌లో సగానికి పైగా వేడిగా మారి సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా పోతుంది. మంచి లారీ ఇంజన్ అయితే నూటికి నలభై పాళ్ళు, నలభై మూడు పాళ్ళు చక్రాల వైపు పంపుతుంది. ఇది చిన్న సంగతి కాదు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్ని పరీక్షకి పెట్టినప్పుడు వచ్చింది 26 శాతం, అప్పటికి అదే గొప్ప. అక్కడి నుంచి నలభై దాటించడానికి ఎన్ని తరాల ఇంజనీర్లు తలలు పగలగొట్టుకున్నారో. పైపుకి కట్టే ఇనప ముక్కతో ఇంకో ఎనిమిది శాతం వచ్చేస్తే లారీ కంపెనీలు దాన్ని వదిలిపెట్టేవా?

చక్రాల దాకా చేరిన శక్తి దేనికి ఖర్చవుతుంది? నీ బండికే లెక్క వేశాను. చదును రోడ్డు మీద 80 వేగంతో పోతుంటే గాలిని తోసుకుపోవడానికి దాదాపు సగం, టైర్లు నలుగుతూ దొర్లడానికి దాదాపు సగం. వేగం 40కి దిగితే గాలి వాటా అయిదో వంతే. వేగం సగమైతే గాలి అడ్డం నాలుగో వంతుకి పడిపోతుంది, టైర్ల అడ్డం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకో, డిఫ్లెక్టర్ దగ్గర పనికొస్తుంది.

ఎత్తుల సంగతి. 25 టన్నుల్ని నూరు మీటర్ల ఎత్తుకి ఎక్కించాలంటే లీటరున్నర పైనే కాలాలి. ఏ సామాను బిగించినా ఆ లీటరున్నర తగ్గదు, బరువు బరువే. బ్రేకు సంగతి ఇంకా ఘోరం. 60లో పోతున్న నీ బండిని పూర్తిగా ఆపావంటే పావు లీటరు డీజిల్‌తో కూడగట్టిన వేగాన్ని డ్రమ్ముల్లో వేడిగా మార్చి పారబోశావన్నమాట. 80 నుంచి అయితే నాలుగు వందల మిల్లీలీటర్లు. ముందు సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నా దాని కాళ్ళ దాకా ఎక్సలేటరు తొక్కి, అప్పుడు బ్రేకు మీద నిలబడే డ్రైవర్లని చూస్తే నాకు సీసాతో డీజిల్ రోడ్డు మీద గుమ్మరిస్తున్నట్టే అనిపిస్తుంది.

ఇక నీ జాబితా.

మాగ్నెట్. ఇది నా సొంత అనుభవం. షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒక యజమాని పట్టుబట్టి తన బండికి నా చేతే బిగించాడు. డ్రైవరు మంచివాడు, బిగించిన మొదటి వారానికే మైలేజీ పెరిగిందన్నాడు. పుస్తకం చూస్తే నిజమే, లీటరుకి పావు కిలోమీటరు పెరిగింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. డీజిల్ అయస్కాంతానికి అంటుకునే వస్తువు కాదు. ఒక రాత్రి ఆయిల్ మారుస్తూ మాగ్నెట్ పీకేసి, పైన ప్లాస్టిక్ డబ్బీ మాత్రం యథాతథంగా బిగించాను. యజమానికి చెప్పాను, డ్రైవరుకి చెప్పలేదు. మరో నెల గడిచింది, ఆ పావు కిలోమీటరు అలాగే ఉంది. పెరిగింది మాగ్నెట్ వల్ల కాదు, లెక్క చూస్తున్నారని తెలిసి కాలు నెమ్మదించడం వల్ల. ఆ మాగ్నెట్ ఇప్పటికీ నా షెడ్డు గోడకే ఉంది, పది పన్నెండు నంబరు స్పానర్లు పట్టుకుని. దాని జన్మ అలా సార్థకమైంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1970ల నుంచి ఇలాంటి ఇంధనం మిగిల్చే పరికరాలు నూటికి పైగా పరిశీలించింది. నిజంగా ఏమైనా మిగిల్చినవి కొద్ది మాత్రమే, అదీ కొంచెమే.

నీళ్ళ నుంచి గ్యాసు తీసి ఇంజన్‌కి పంపే కిట్టు ఎవరైనా చూపించబోతే కూడా దండం పెట్టు. ఆ గ్యాసు తీయడానికి కరెంటు కావాలి, కరెంటు ఆల్టర్నేటరు ఇవ్వాలి, ఆల్టర్నేటర్ని ఇంజనే తిప్పాలి. నూరు పాళ్ళ డీజిల్ పెడితే చివరికి గ్యాసు రూపంలో చేతికొచ్చేది పదిహేను పాళ్ళు.

ట్యాంకులో పోసే మందు. నాసిరకం డీజిల్ దొరికే చోట సీటేన్ (డీజిల్ తొందరగా అంటుకునే గుణం) పెంచే మందుతో ఇంజన్ మెత్తగా నడవొచ్చు. నాజిళ్ళు మురికి పట్టి ఉంటే కడిగే మందు కొంత పనిచేస్తుంది. మంచి డీజిల్ పోసుకుంటూ, ఫిల్టర్లు వేళకి మారుస్తున్నవాడికి ఐదు శాతం రాదు.

చిప్ దగ్గర కాసేపు ఆగాలి. ఇది మాగ్నెట్‌లా ఉత్త మోసం కాదు, అందుకే ఎక్కువ ప్రమాదం. చిప్ పేరుతో రెండు రకాల సరుకు దొరుకుతుంది. ఒకటి చవక డబ్బా. కామన్ రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని నాజిళ్ళకీ ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందే ఇంజన్‌లో, ఆ ఒత్తిడి చూసే సెన్సరుకీ కంప్యూటరుకీ మధ్య దూరి, 'ఒత్తిడి తక్కువగా ఉంది' అని అబద్ధం చెబుతుంది. కంప్యూటరు నమ్మి ఒత్తిడి పెంచుతుంది, నాజిల్ నుంచి ఎక్కువ డీజిల్ పడుతుంది. పికప్ వస్తుంది, బండి ఎగురుతుంది. తమాషా ఏమిటంటే డ్యాష్‌బోర్డు మీద మైలేజీ అంకె కూడా పెరుగుతుంది. ఆ అంకెని లెక్కకట్టేది అదే మోసపోయిన కంప్యూటరు కదా. నిజంగా పడిన డీజిల్ దానికి తెలియదు. ఆ అంకె చూసి మురిసిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను. బంకు బిల్లు మాత్రం మురిసిపోదు.

రెండోది తెలిసినవాడు చేసే రీమ్యాప్. ఇంజన్ లోపలి ప్రోగ్రామునే మారుస్తారు. డీజిల్ పడే వేళని కాస్త ముందుకు జరిపితే కొంత మిగిలే మాట నిజం. కానీ దానితో సిలిండరు లోపల ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. కంపెనీ అక్కడ ఆగింది చేతకాక కాదు, పిస్టనూ టర్బో పదేళ్ళు బతకాలనీ, పొగ నియమం దాటకూడదనీ. నా షెడ్డుకి ఒకసారి చిప్ వేసిన ఆర్నెల్లకి ఒక బండి తాడు కట్టుకుని వచ్చింది. లోడుతో పొడుగాటి ఎత్తు ఎక్కుతూ ఆగిపోయిందట. హెడ్డు విప్పితే మూడో పిస్టను నెత్తి కొవ్వొత్తిలా కరిగి ఉంది. ఆ యజమాని మిగిల్చుకున్న డీజిల్ డబ్బంతా పెట్టినా ఇంజన్ పనికి సరిపోలేదు. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటే ఇదే. గ్యారంటీ పోతుంది, అది వేరే. పొగ శుభ్రం చేసే ఫిల్టరు పీకించమనీ, పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ మూయించమనీ కూడా చిప్ వేసేవాళ్ళే చెబుతారు. చాలా దేశాల్లో అది నేరం. నేరం కాకపోయినా ఆ మసి నీ వెనక సైకిల్ మీద వచ్చేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిల్టరు మూసుకుపోయి మైలేజీ పడిపోతే శుభ్రం చేయించు, పీకించకు.

ఇప్పుడు డిఫ్లెక్టర్. నీ జాబితాలో నిజమైన సామాను ఇదీ, టైర్లూ. 1973లో నాసాలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు సైకిల్ మీద పనికి పోతూ ఉండేవాడు. పెద్ద లారీ పక్క నుంచి పోతుంటే ముందు గాలి బయటికి తోసేది, వెంటనే లోపలికి లాగేది. అంత గాలిని తోయడానికి ఆ లారీ ఎంత డీజిల్ తగలేస్తోందో అని ఆయనకి ఆలోచన వచ్చింది. ఒక వ్యాను చుట్టూ రేకులు కొట్టి అచ్చం చెప్పుల పెట్టెలా పలకలుగా తయారుచేసి రోడ్డు మీద పరీక్షించారు. ముందూ వెనకా నిలువు మూలల్ని గుండ్రం చేస్తే గాలి అడ్డం 40 శాతం తగ్గింది. దానికోసం లోపల పోయిన చోటు 1.3 శాతమే. ఈ రోజు లారీ క్యాబిన్ల మూలలు గుండ్రంగా ఉండటం వెనక ఇలాంటి పరీక్షలున్నాయి.

నీ డబ్బా క్యాబిన్ని దాటి మూరెడు లేచి ఉంది. ఆ మూరెడు పలక గాలికి గోడ. ఎత్తుకి సరిపోయే డిఫ్లెక్టర్ సరైన వంపులో బిగిస్తే గాలి అడ్డం పది పదిహేను శాతం తగ్గొచ్చు. 80 వేగంలో గాలి వాటా సగం కాబట్టి డీజిల్ ఐదారు శాతం, బాగా కుదిరితే ఏడు. నీ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు. కానీ అది హైవే మీద నిలకడగా పోతున్నంతసేపే. ఊళ్ళలో, ఎత్తుల మీద ఒక శాతం వస్తే ఎక్కువ. పైగా నీ డీజిల్‌లో పెద్ద భాగం కాలేది అక్కడే. నెల మొత్తానికి కలిపి చూస్తే 3 శాతం అనుకో.

డబ్బు లెక్క పక్కన పెట్టు. డీజిల్ ధర రోజుకోలా ఉంటుంది, సామాను ధర షెడ్డుకోలా ఉంటుంది. నేను అన్నిటినీ లీటర్లలోకి మారుస్తాను. నువ్వు నెలకి 2,250 లీటర్లు తాగిస్తున్నావు. మూడు శాతం అంటే 67 లీటర్లు. డిఫ్లెక్టరుకీ, బిగింపు కూలికీ, బండి ఆగిన రోజు బాడుగకీ కలిపి ఎన్ని లీటర్ల డీజిల్ వస్తుందో చూడు. 600 లీటర్లు అయితే తొమ్మిది నెలల్లో తీరుతుంది, బండిని ఇంకో నాలుగేళ్ళు నడిపేట్టయితే వేయించు. 2,000 లీటర్లు అడిగితే రెండున్నరేళ్ళు పడుతుంది, నేనైతే వేయించను. బాడుగలు మారి పూర్తిగా హైవే మీదే తిరిగితే మళ్ళీ లెక్క వేసుకో. ఊళ్ళోనే తిరిగేవాడికి మాత్రం డిఫ్లెక్టర్ అలంకారం.

టైర్ల మాటకొస్తే, తేలిగ్గా దొర్లే రకం టైర్లు మంచివే. కానీ ఉన్న టైర్లు అరక్కుండా పీకి వెయ్యకు. ఎలాగూ మార్చే వేళకి ఆ రకం తీసుకో, అప్పుడు అదనంగా పెట్టేది కొద్దిగానే ఉంటుంది. ఈలోగా గాలి చూడు. పది పీఎస్ఐ తగ్గితే అర శాతం నుంచి ఒక శాతం దాకా డీజిల్ పోతుంది, టైరు ఆయుష్షు పోయేది వేరు. రాడ్డుతో కొట్టి చప్పుడు వింటే చాలనుకుంటారు మనవాళ్ళు. ఆ చప్పుడు పంక్చరుని చెబుతుంది, ఇరవై పీఎస్ఐ తక్కువని చెప్పదు. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజి పెట్టు. జంట చక్రాల్లో లోపలి టైరుని ఎవరూ చూడరు, ముందు దాన్నే చూడు.

ఇంకో రెండు సంగతులు నీ జాబితాలో లేవు, నాకు మాత్రం వాటి మీదే ధ్యాస. హైవే మీద అరగంట పోయాక, బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా పక్కకి ఆపి, ఒక్కో హబ్బు దగ్గరికి చెయ్యి వెనకవైపు పెట్టి వేడి చూడు. ముట్టుకోకు, కాలుతుంది. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోంది, లేదా బేరింగు పోతోంది. ఇలా ఒక్క చక్రం పట్టుకోవడం వల్ల మైలేజీ పడిపోయి, ఇంజన్ విప్పించుకోబోయిన వాళ్ళని ఇద్దర్ని వెనక్కి పంపాను.

రెండోది ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడపడం. నీలాంటి బండి ఊరికే నిలబడి గంటకి రెండు లీటర్ల దాకా తాగుతుంది. లోడింగు దగ్గర, గేటు దగ్గర రోజుకి రెండు గంటలు అలా ఉంచితే, నెలకి పాతిక రోజుల చొప్పున వంద లీటర్లు. డిఫ్లెక్టర్ ఇచ్చే 67 లీటర్ల కంటే ఎక్కువ, బిగించే పని కూడా లేదు, తాళం తిప్పడమే. టర్బో చల్లారడానికి దూరం నుంచి వచ్చాక ఓ రెండు మూడు నిమిషాలు ఉంచు, చాలు.

హైవే మీద 80 బదులు 70లో పోతే గాలి అడ్డం దాదాపు పావు వంతు తగ్గుతుంది. నీ లెక్కకి నెలలో వంద లీటర్లు అటూ ఇటూ మిగలొచ్చు. దీనికీ ధర ఉంది, నెలకి ఎనిమిది గంటలు ఎక్కువ కూర్చోవాలి. ఆ ఎనిమిది గంటల్లో ఇంకో బాడుగ దొరికేవాడివైతే 80లోనే పో. గేటు ముందు నిద్రపోయే ఎనిమిది గంటలే అయితే 70లో పో. ఇది నీకే తెలుస్తుంది.

ఏం చేయించినా ముందు నెల రోజులు పుస్తకం రాయి. ఒకే బంకు, ఒకే మర, బండి చదునుగా నిలబెట్టి, పొద్దున్నే, గొంతు దాకా నింపించు. నురగ తగ్గాక మళ్ళీ పోయించు. 300 లీటర్ల ట్యాంకులో నురగ వల్ల నాలుగు లీటర్లు తేడా వస్తే అదే ఒక శాతం దాటింది. వాతావరణం పది డిగ్రీలు మారితే డీజిల్ ఘనపరిమాణమే 0.8 శాతం మారుతుంది. పైగా గాలి చల్లబడితే చిక్కబడుతుంది, అడ్డం మూడు శాతం పైనే పెరుగుతుంది. ఎండాకాలంలో సామాను బిగించినవాడికి లాభం, చలికాలంలో బిగించినవాడికి నష్టం కనిపించేది అందుకే. ఇంజనీర్లు పరీక్షించేటప్పుడు పక్కనే ఏ మార్పూ చెయ్యని ఇంకో బండిని నడిపిస్తారు, ట్యాంకు విప్పి తూకం వేస్తారు. అంత చేసినా ఒక శాతం దగ్గర తడుముకుంటారు. అందుకని ఒక్క ట్యాంకు చూసి 'అన్నా, పెరిగింది' అన్నవాడిని నమ్మకు. కనీసం ఐదారు ట్యాంకులు ముందూ, ఐదారు తరువాతా. ఒకసారికి ఒకటే మార్పు.

ఇక నీ ప్రశ్నకి సూటిగా: టైర్ల గాలి, హబ్బుల వేడి, ఆగినప్పుడు తాళం తిప్పడం ఈ నెల. డిఫ్లెక్టర్ వచ్చే నెల, అదీ 600 లీటర్లు దాటకపోతే. తేలిక టైర్లు పాతవి అరిగాక. మిగతా మూడూ వద్దు.

ప్రశ్న: అన్నగారూ, మాకు రెండు లారీలు. మా ఆయన తిరుగుతారు, లెక్కలు నేను రాస్తాను. పెద్ద బండికి రిపేరు చేయించాక లీటరుకి 3 నుంచి 3.5 అయింది. చిన్న బండికి చేయిస్తే 5 నుంచి 6 అయింది. రెండూ ఒకే దూరం తిరుగుతాయి. చిన్నదానికి పెట్టిన ఖర్చే ఎక్కువ గిట్టిందని నేనంటాను, ఆయన కాదంటారు. ఎవరిది నిజం?

జవాబు: అమ్మా, ఈసారికి ఆయనదే. వెయ్యి కిలోమీటర్లకి లెక్క కట్టండి. పెద్ద బండి ముందు 333 లీటర్లు తాగేది, ఇప్పుడు 286. మిగిలింది 47. చిన్న బండి 200 తాగేది, ఇప్పుడు 167. మిగిలింది 33. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్న అంకె అందరినీ ఇలాగే మోసం చేస్తుంది, మైలేజీ తక్కువున్న బండి దగ్గర అర కిలోమీటరు కూడా పెద్ద మొత్తమే. మీ పుస్తకంలో ఇంకో గడి గీసి 'నూరు కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు' అని రాయండి. తేడా కళ్ళకి కనపడుతుంది. ఖర్చు పెట్టే వరసలో ఎప్పుడూ ఎక్కువ తాగే బండే ముందు.

ప్రశ్న: దిగువలో న్యూట్రల్ కొడితే డీజిల్ మిగులుతుందని మా సీనియర్ డ్రైవరు అలవాటు చేశాడు. నిజమేనా మేస్త్రీ గారూ?

జవాబు: పాత పంపు బండ్ల రోజుల నుంచి వచ్చిన మాట అది, అప్పటికీ సగమే నిజం. ఇప్పటి ఇంజన్‌లో గేరులో ఉంచి ఎక్సలేటరు మీద కాలు తీశావంటే కంప్యూటరు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఆరిపోకుండా ఉండటానికి ఇంజన్ మళ్ళీ డీజిల్ తాగాలి. అంటే దిగువలో గేరే పొదుపు. పైగా న్యూట్రల్‌లో ఇంజన్ బ్రేకు పోయి బరువంతా డ్రమ్ముల మీద పడుతుంది, అవి కాలాక పెడలు ఎంత తొక్కినా బండి వినదు. ఎక్కిన గేరులోనే దిగు. మీ సీనియర్‌కి కూడా ఈ పేజీ చూపించు.